మొలవని ప్రతి గింజా నకిలీది కాదు

సంపాదకులకు,

అయ్యా,

ఇంట్లో ట్రేలలో, తొట్లలో వేసిన కూరగాయల విత్తనాలు మొలవడం లేదనీ, అంగళ్లలో నకిలీ విత్తనాలు అంటగడుతున్నారనీ మీ పాఠకులు కొద్ది వారాలుగా రాస్తున్న లేఖలను వదలకుండా చదువుతున్నాను. చంద్రగిరి దగ్గర టమాట, మిరప, వంగ నారు పెంచి చుట్టుపక్కల రైతులకూ, తిరుపతిలో మిద్దెల మీద తోటలు వేసుకునేవారికీ ఇవ్వడం నా జీవనోపాధి. నకిలీ విత్తనాలు ఉన్నాయి, వాటి వల్ల ఒక పంటకాలమే పోగొట్టుకున్న రైతులూ ఉన్నారు. ఆ బాధను నేను తేలిక చేయను. అయితే మొలక రాలేదని పొట్లం పట్టుకుని నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది ఆ గింజను ఒక్కసారైనా పరీక్షించి చూసినవారు కారు. కొన్ననాటికే గింజ చచ్చి ఉందా, లేక బతికి ఉన్న గింజ మన ఇంటికి వచ్చాక చచ్చిందా అన్నది ఎవరికి వారు ఇంట్లోనే తేల్చుకోగల విషయం. అది తేల్చుకోకుండా చేసిన ఫిర్యాదు నిలవదు. తెచ్చుకున్న రెండో పొట్లానికీ మొదటిదాని గతే పడుతుంది.

ముందు గడువు సంగతి చెప్పాలి, ఎందుకంటే చాలా ఫిర్యాదులు తొందరపాటు వల్ల వస్తున్నవే. టమాట గింజ 25 నుంచి 30 డిగ్రీల వేడిలో దాదాపు 6 రోజులకు పైకి వస్తుంది. అదే గింజ 20 డిగ్రీల దగ్గర 8 రోజులు, 15 డిగ్రీల దగ్గర రెండు వారాలు తీసుకుంటుంది. మిరప ఇంకా నిదానం: 25 డిగ్రీల దగ్గర 8 రోజులు దాటుతుంది, 20 దగ్గర 12 రోజులు దాటుతుంది, 15 దగ్గర దాదాపు 25 రోజులు పడుతుంది. తిరుపతి ఊళ్లో మిరప గింజ కోసం మూడో వారం దాకా ఎదురుచూడవలసిన అవసరం సాధారణంగా రాదు గాని, డిసెంబరు, జనవరి నెలల్లో పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు చలికి అదే పొట్లంలోని గింజ మూడు వారాల దాకా కదలకుండా ఉండడం వింత కాదు. బెండ మరీ వేడిని కోరే గింజ. 30 డిగ్రీల దగ్గర వారంలో వచ్చేది, 20 డిగ్రీల దగ్గర రెండున్నర వారాలు పడుతుంది. గడువు రాకముందే కుళ్లగించి పారేసిన ట్రేలలో, ఇంకొక నాలుగు రోజులు ఆగి ఉంటే బయటపడగల మొలకలను నేను చాలాసార్లు చూశాను.

గడువు దాటిన తరువాత మాత్రం తప్పకుండా తవ్వి చూడాలి. సాధారణంగా జరిగేది వేరు. ట్రేలో నింపిన కొబ్బరిపొట్టును ఒక మూల పారబోసి, ట్రే కడిగి, కొత్త పొట్లం తెచ్చి మళ్లీ వేస్తారు. జరిగినదేమిటో చెప్పగల సాక్ష్యం అంతా ఆ పారబోసిన పొట్టుతోనే పోతుంది. ట్రేలోని పది పదిహేను గుంటల్లోని పొట్టును తెల్ల కాగితం మీద వేసి, అగ్గిపుల్లతో మెల్లగా విడదీసి, గింజలను ఏరి, ఒక్కొక్కదాన్ని గోటితో నొక్కి చూస్తే కారణం చాలావరకు అక్కడికక్కడే తెలిసిపోతుంది.

గింజ వేసిననాటిలాగే గట్టిగా, పొడిగా ఉందంటే దానికి నీరు చేరలేదు. చేత్తో చిలకరించిన నీటికి కొబ్బరిపొట్టు పైపొర నల్లబడి, తడిసినట్టే కనిపిస్తుంది. అర అంగుళం కింద మాత్రం పొడిగానే ఉండిపోతుంది. అందువల్ల ట్రేలు నింపకముందే పొట్టును తడిపి, పిడికిట బిగిస్తే రెండు మూడు చుక్కలు మాత్రమే రాలే స్థితికి తెచ్చుకోవాలి. కాకర, బీర వంటి గట్టి పెంకు గింజలకైతే చుట్టూ తడి ఉన్నా అది లోపలికి దిగడానికి చాలా సమయం పడుతుంది. కాకర గింజ మొనవైపు పెంకును నెయిల్‌కట్టర్‌తో రవ్వంత తుంచి, రాత్రంతా నానబెట్టి వేస్తే మొలక త్వరగా, ఒక్కసారిగా వస్తుంది. లోపలి పప్పుకు దెబ్బ తగలకుండా చూసుకుంటే చాలు. ఈ ఉపాయాన్ని అనప, చిక్కుడు, బీన్స్ గింజల మీద ప్రయోగించకూడదు. అవి ఎక్కువసేపు నీళ్లలో మునిగి ఉంటే ఒక్కపెట్టున ఉబ్బి, పప్పులు చీలి, మొలిచే శక్తినే కోల్పోతాయి. వాటిని నేరుగా తడి పొట్టులోనో, మట్టిలోనో వేయడం మేలు.

గింజ ఉబ్బి, నొక్కగానే చిట్లి, లోపలి నుంచి చెడువాసన గల ద్రవం వస్తే, నీరెక్కువై ఊపిరాడక కుళ్లిందని వెంటనే నిర్ణయించకండి. నీరు పీల్చుకోవడానికి గింజలో ప్రాణం ఉండనక్కరలేదు. చచ్చిన గింజ కూడా నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆపైన కుళ్లుతుంది. కాబట్టి ఈ ఒక్క గుర్తుతో విత్తనానిది తప్పా, మనది తప్పా అని చెప్పలేం. దానికి వేరే పరీక్ష ఉంది, కింద రాస్తాను. తెల్లటి మొలక బయటికి వచ్చి, తరువాత ఎండి గోధుమరంగుకు తిరిగి ఉంటే మాత్రం విత్తనంలో ఏ దోషమూ లేనట్టే. ఎండు గింజ నీటి చుక్క లేకుండా నెలలు, ఏళ్లు బతకగలదు. వేరు మొన ఒకసారి పెంకు దాటి తొంగిచూసిందంటే ఆ ఓర్పు పోతుంది. ఆ తరువాత ఒక్క మధ్యాహ్నం పొట్టు ఎండితే చాలు, సాయంత్రం ఎంత నీరు పోసినా ఆ మొలక తిరిగి లేవదు. ఉద్యోగాలకు వెళ్లేవారు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి నీళ్లు చిలకరించి, మధ్యలో ఏం జరుగుతోందో చూడలేకపోవడం వల్ల తిరుపతి ఇళ్లలో పోతున్న మొలకల్లో ఎక్కువ భాగం ఇలా పోతున్నవేనని నా అనుభవం చెబుతోంది.

మొలక పొట్టులోనే చుట్టుకుని, పైకి రాలేక పాలిపోయి ఉంటే గింజను లోతుగా వేశారని అర్థం. గింజ మందానికి రెండు మూడు రెట్ల లోతు చాలు. టమాట, మిరప, వంగకు అర సెంటీమీటరు, బెండకూ తీగజాతి గింజలకూ ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు సరిపోతుంది. తోటకూర గింజలను పైన చల్లి, పొట్టును దుమ్ములా రాల్చితే చాలు. మెడ దగ్గర నీరుపట్టినట్టు మెత్తబడిన మొలకలు కనిపిస్తే అది నారుకుళ్లు తెగులు. మొలకలు పైకి వచ్చి వాలిపోవడమే ఈ తెగులు లక్షణమని చాలామంది అనుకుంటారు; పొట్టు పైకి రాకముందే, గింజ పగిలిన చోటనే అది మొలకను చంపగలదు. పైనుంచి చూసేవారికి విత్తనమే మొలవలేదనిపిస్తుంది. పోయినసారి వాడిన పొట్టునే మళ్లీ నింపినప్పుడు, ట్రేల కింద నీరు నిలిచినప్పుడు, గాలి ఆడని గదిలో మూత తీయకుండా ఉంచినప్పుడు ఈ తెగులు వస్తుంది. ఇక ఎంత వెతికినా గింజే దొరకకపోతే, చీమలో, ఎలుకలో ఎత్తుకుపోయాయి. ట్రేలను ఇటుకల మీద పెట్టి, ఆ ఇటుకలను నీళ్లున్న పళ్లేలలో నిలిపితే చీమలు ఎక్కలేవు.

తవ్వి చూసినా తీరని అనుమానాన్ని తడిగుడ్డ తీరుస్తుంది. అదే పొట్లంలో మిగిలిన గింజలను తడిపి పిండిన నూలుగుడ్డ మీద ఒకదానికొకటి తగలకుండా పరచి, చాపలా చుట్టి, గాలి కొద్దిగా ఆడేలా ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఎండ తగలని చోట ఉంచాలి. రోజుకొకసారి విప్పి, మొలిచినవి లెక్కపెట్టి రాసుకోవాలి. టమాట, మిరప, వంగ గింజలకు 14 రోజులు, బెండకు 21 రోజులు ప్రయోగశాలల్లో పాటించే గడువు. ఉల్లికి 12, కోసు గడ్డకు (క్యాబేజీకి) 10, కీరదోసకు 8 రోజులు చాలు. గింజలు కనీసం 50 ఉంటే ఫలితాన్ని నమ్మవచ్చు. పది గింజలతో చేసిన పరీక్ష మనల్ని తప్పుదారి పట్టించగలదు: నూటికి 70 మొలిచే మంచి విత్తనంలో నుంచి పది గింజలు తీస్తే, వాటిలో ఐదే మొలవడం అరుదేమీ కాదు. విత్తన పరీక్ష ప్రయోగశాలల్లో ఒక్కో నమూనాకు 400 గింజలు తీసుకోవడం ఇందుకే.

గుడ్డలో మొలిచిన గింజ ట్రేలో మొలవకపోతే దోషం ట్రేలో ఉంది. గుడ్డలోనూ మొలవకపోతే విత్తనంలో ఉంది. ఈ రెంటికీ మధ్య మూడో స్థితి ఒకటి ఉంది, దాన్ని చాలామంది గమనించరు. గుడ్డలో మొలిచినా ఆలస్యంగా, ఒక్కొక్కటిగా, వేరు వంకరపోయి, దళసరిగా మొలిస్తే ఆ విత్తనం ముసలిదైపోయింది. అటువంటి గింజ గుడ్డలోని సుఖానికి మొలుస్తుంది గాని, ట్రేలోని ఎండనూ, చలినీ, తెగులునూ తట్టుకుని పైకి రాలేదు. ప్రయోగశాలల్లో కూడా ఇలాంటి వంకర మొలకలను మొలిచినవాటి లెక్కలో చేర్చరు. పొట్లంలో పది ఇరవై గింజలే ఉండే ఖరీదైన సంకర విత్తనాలను పరీక్షకు ఖర్చు చేయలేమనే మాట న్యాయమే. అటువంటప్పుడు గింజలన్నిటినీ గుడ్డలోనే మొలకెత్తించి, వేరు మొన రెండు మూడు మిల్లీమీటర్లు రాగానే ఒక్కొక్కటిగా ట్రేలోకి మార్చుకుంటే పరీక్షా జరుగుతుంది, గింజా వృథా కాదు. వేరు ఇంకా పొడవు పెరిగితే మార్చేటప్పుడు విరుగుతుంది కనుక ఆ రెండు మూడు రోజులు గుడ్డను రోజుకు రెండు పూటలా విప్పి చూడడం తప్పదు.

ఇప్పుడు చట్టం సంగతి. నూటికి నూరూ మొలవాలని ఆశించడం వల్ల కూడా కొన్ని ఫిర్యాదులు పుడుతున్నాయి. మన దేశంలో విత్తన ధృవీకరణకు నిర్ణయించిన కనీస మొలక శాతం టమాట, వంగలకు 70, బెండకు 65, మిరపకు 60, సొర, బీర, కాకర, కీరదోసలకు 60. అంటే 98 గుంటల ట్రేలో మిరప వేసిన ఇల్లాలికి 59 మొలకలు వస్తే, ఆ విత్తనం ప్రమాణానికి లోబడినదే. 39 గుంటలు ఖాళీగా కనిపించినా అంగడివాడి తప్పు లేదు. అదే ట్రేలో 30 మాత్రమే వచ్చి, గుడ్డ పరీక్షలో కూడా మూడో వంతుకు మించకపోతే అప్పుడు గట్టిగా అడగవలసిందే. 1966 నాటి విత్తనాల చట్టం కింద ప్రభుత్వం నోటిఫై చేసిన రకాలకు చీటీ మీద మొలక శాతం, లాటు (ఒకే విడత విత్తనం) సంఖ్య, పరీక్ష జరిగిన తేదీ ఉండాలి. 1983 నాటి విత్తనాల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం విత్తనాలు అమ్మేవారికి లైసెన్సు ఉండాలి, కొన్నవారికి బిల్లు ఇవ్వాలి. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి (ఇప్పటి వినియోగదారుల కమిషన్‌కు) వెళ్లే హక్కు అతనికి ఉందని సుప్రీంకోర్టు 2012లో మన ఉమ్మడి రాష్ట్ర రైతుల కేసులోనే తేల్చి చెప్పింది. ఈ హక్కులన్నీ వాడుకోవాలంటే చేతిలో బిల్లు, చించిన పొట్లం, అందులో మిగిల్చిన కొన్ని గింజలు ఉండాలి. మన ఇళ్లలో మొదట చెత్తబుట్టకు చేరేవి ఈ మూడే.

తిరుపతి ఇళ్లలో విత్తనం తరువాత ఎక్కువగా నిందించవలసింది వేడిని. ఎండ ఎక్కువైతే గింజ ఇంకా త్వరగా మొలుస్తుందనే నమ్మకం ఊళ్లో బలంగా ఉంది. 30 డిగ్రీల దాకా అది నిజం. 35 దాటిన దగ్గర నుంచి టమాట మొలక తగ్గుముఖం పడుతుంది, 40 దగ్గర దాదాపు ఆగిపోతుంది. కత్తెర ఎండల్లో, రోళ్లు పగులుతాయని పెద్దలు చెప్పే రోహిణి కార్తెలో తిరుపతి గాలి వేడే 40 దాటుతుంది. అప్పుడు మిద్దె మీద ఎండలో ఉన్న నల్ల ప్లాస్టిక్ ట్రేలోని పొట్టు ఇంకెంత కాగుతుందో ఊహించుకోవచ్చు. ఆ భయంతోనే చాలామంది ట్రేలను ఇంట్లోకి మార్చుతున్నారు. కొండ దిగువ వీధుల్లో కోతుల బెడద కూడా వారిని ఇంట్లోకి తరుముతోంది. అయితే ఇంట్లో అన్న ఒక్క మాటతో పని జరగదు. పై అంతస్తులో, మిద్దె కిందనే ఉన్న గది పగలంతా కాగి, ఆ వేడిని రాత్రంతా వదులుతూ ఉంటుంది. ఆ గదిలో అటక మీద పెట్టిన ట్రేకు పగలూ రాత్రీ విశ్రాంతి ఉండదు. అదే ఇంట్లో కింది అంతస్తున, ఉత్తరం వైపు గదిలో, నేల మీద తడి గోనెసంచి పరచి దాని మీద పెట్టిన ట్రే ఎంతో చల్లగా ఉంటుంది. చేపల తొట్టికి వాడే చిన్న ఉష్ణమాపకం కొని, దాని మొనను గింజ ఉన్న లోతులో గుచ్చి మధ్యాహ్నం రెండు గంటలకు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూస్తే, ఏ గదిలో పెట్టాలో ఎవరినీ అడగనక్కరలేదు. గది వేడి వేరు, పొట్టు వేడి వేరు; గింజకు తెలిసేది రెండోదే.

పట్టణాల్లో ఇష్టంగా వేసుకుంటున్న లెట్యూస్ విషయంలో ఈ తేడా మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 25 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజుల్లో మొలిచే ఆ గింజ, 35 దగ్గర ఒక్కటీ మొలవదు. వేడికి అది చావదు, నిద్రలోకి జారుకుంటుంది. ఏప్రిల్‌లో లెట్యూస్ వేసి, విత్తనం నకిలీదని అంగడికి తిరిగి తెచ్చినవారికి, ఆ గింజలనే తడిగుడ్డలో చుట్టి రెండు రోజులు ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టి, తరువాత చల్లటి గదిలో ఉంచమని చెప్పాను, మొలిచాయి. బీర, సొర, బెండ, గోరుచిక్కుడు, తోటకూర వేడిని ఓర్చుకునేవి కనుక ఎండాకాలంలో వాటితో సరిపెట్టుకుని, లెట్యూస్, కాలీఫ్లవర్, క్యారెట్ వంటివి అక్టోబరు తరువాత వేసుకోవడం తిరుపతివారికి క్షేమం.

నర్సరీల పద్ధతిని సగమే నేర్చుకుని ఇంట్లో చేయడం వల్ల కూడా నష్టం జరుగుతోంది. మేము విత్తిన ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన పాలిథిన్ షీటు కప్పి ఉంచుతాం. తడి ఆరిపోకుండా, లోపలి వేడి ఒకే తీరుగా ఉండడానికి ఇది చేస్తాం. ఇదంతా నీడలో జరుగుతుంది. మూడో రోజు నుంచి రోజూ షీటు ఎత్తి చూస్తాం, మొదటి మొలకలు తలెత్తిన పూటే ట్రేలను విడదీసి షేడ్‌నెట్ కిందికి మార్చుతాం. ఇది చూసి వెళ్లినవారు ఒక్క ట్రేకు ప్లాస్టిక్ కవరు తొడిగి కిటికీ ఎండలో పెడుతున్నారు. ఎండ తగిలిన కవరు లోపల గింజ ఆవిరికి ఉడికినట్టే అవుతుంది. మరికొందరు మొలక వచ్చాక కూడా రెండు రోజులు కవరు తీయడం లేదు, చీకటి గదిలోనే ఉంచుతున్నారు. అప్పుడు నారు సన్నగా, తెల్లగా సాగి నేలవాలుతుంది. మొలిచేదాకా టమాట, మిరప గింజలకు వెలుతురు అక్కరలేదు, మొలిచిన మరుక్షణం నుంచి అదే ప్రాణాధారం.

నీటి గురించి ఒక ముఖ్యమైన మాట. వీధి బోరు నీళ్లు ఉప్పగా ఉన్న చోట్ల ఇంటింటా ఆర్వో యంత్రాలు పెట్టుకున్నారు. ఆ యంత్రం వదిలే నీటిని వృథా చేయకూడదన్న మంచి ఉద్దేశంతో బకెట్లలో పట్టి మొక్కలకు పోస్తున్నారు. మంచినీటి నుంచి తీసివేసిన లవణాలన్నీ చేరేది ఆ వదిలిన నీటిలోనే. అది బోరు నీటికన్నా ఉప్పన. పెద్ద చెట్లకు అప్పుడప్పుడు పోస్తే ఓర్చుకుంటాయేమో గాని, మొలకల ట్రేకు అది పనికిరాదు. చుట్టూ ఉప్పు ఎక్కువైతే తడి ఉన్నా గింజ ఆ తడిని లోపలికి లాక్కోలేదు. మొలక దశలో వర్షపు నీరో, ఏసీ నుంచి కారే నీరో, ఊరికి వచ్చే కొళాయి నీరో వాడుకోవడం మంచిది. ఇదే దోషం కొబ్బరిపొట్టులోనూ ఉంటుంది. ఇటుకల రూపంలో దొరికే పొట్టులో కొన్ని రకాలను కడగకుండానే నొక్కి అమ్ముతారు. వాటిలో సోడియం, పొటాషియం లవణాలు మిగిలి ఉంటాయి. ఇటుకను నానబెట్టి, పిండి, మంచినీటితో మూడు నాలుగు సార్లు కడిగి వాడాలి. ఆర్వో యంత్రంతో పాటు చాలా ఇళ్లలో ఉండే, నీటిలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరును చివరిసారి పిండిన నీటిలో ముంచితే, పోసిన నీటికీ పిండిన నీటికీ తేడా ఎంతో తెలుస్తుంది. తేడా కొద్దిగానే ఉండే వరకు కడగాలి. పొట్టులో పచ్చి పేడ, కోళ్ల ఎరువు కలపవద్దు. గింజ తన తిండిని తనతోనే తెచ్చుకుంటుంది. మొదటి నిజమైన ఆకులు వచ్చేదాకా దానికి ఎరువుతో పనిలేదు, పచ్చి ఎరువు నుంచి వచ్చే అమోనియా దాన్ని చంపుతుంది.

విత్తనం నిజంగానే చచ్చి ఉన్న సందర్భాలకు వస్తాను. అటువంటి సందర్భాలు తక్కువేమీ కావు, వాటిలో ఎక్కువ భాగానికి కారణం నిల్వ. గింజలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని, నిల్వ చేసిన చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా అంతేనని విత్తన శాస్త్రంలో అందరూ వాడే లెక్క ఒకటి ఉంది. దాన్ని తిరగేసి చూడండి: 25 డిగ్రీల చోట ఉంచవలసిన పొట్లం 40 డిగ్రీల రేకుల కొట్టులో ఉంటే, దాని ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. దానికి తోడు ఈశాన్య రుతుపవనాల నెలల్లో మన తూర్పు ప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ. అంగడి ముందు తీగకు గుచ్చి, ఎండ తగిలేలా వేలాడదీసిన రంగురంగుల పొట్లాలు కంపెనీ నుంచి బయలుదేరినప్పుడు మంచివే అయి ఉండవచ్చు. మన చేతికి వచ్చేసరికి అవి ఆ స్థితిలో లేవు. ఉల్లి గింజకు సహజంగానే ఆయుష్షు తక్కువ, ఏడాది దాటితే నమ్మలేం. మిరప, బెండ రెండేళ్లు, టమాట, వంగ నాలుగేళ్ల దాకా నిలుస్తాయంటారు గాని అది చల్లగా, పొడిగా దాచినప్పటి మాట. మన పాత ఇళ్లలో బీర, సొర గింజలను పేడలో అద్ది గోడకు కొట్టి ఎండబెట్టేవారు, మరికొన్నిటిని బూడిదలో కలిపి కుండల్లో దాచేవారు. గింజను పొడిగా ఉంచడం, పురుగును రానివ్వకపోవడం అనే రెండు పనులూ దానివల్ల జరిగేవి. ఈనాటి ఇంట్లో బిగుతైన మూత ఉన్న గాజుసీసా, అందులో తేమను పీల్చడానికి వేయించి చల్లార్చిన బియ్యం ఒక చిన్న గుడ్డమూటలో, ఆ సీసాకు ఫ్రిజ్‌లో కాస్త చోటు ఉంటే చాలు. బయటికి తీసినప్పుడు సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు, తీస్తే చల్లటి గింజల మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది.

అందుచేత, మీ పత్రిక ద్వారా ముగ్గురికి విన్నపాలు చేసుకుంటున్నాను. విత్తనాలు అమ్మేవారు పొట్లాలను ఎండలో వేలాడదీయవద్దు; డబ్బాల్లో పోసి చెంచాతో కొలిచి అమ్మే గింజలకు కూడా రకం, పరీక్ష జరిగిన తేదీ, లాటు సంఖ్య కాగితం మీద రాసి ఇవ్వాలి. గడువు దాటిన పొట్లాన్ని సగం ధరకు ఇస్తామనడం కొనేవాడికి మేలు చేయడం కాదు, అతని కాలాన్ని దోచుకోవడం. రెండో విన్నపం వ్యవసాయ, ఉద్యాన శాఖల అధికారులకు. తిరుపతిలో వ్యవసాయ కళాశాల ఉంది, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, ఊరూరా రైతు సేవా కేంద్రాలు ఉన్నాయి. ప్రతి సీజనుకు ముందు ఆ ప్రాంతంలో అమ్ముడవుతున్న కూరగాయల విత్తనాల నమూనాలను తడిగుడ్డలో పరీక్షించి, లాటు సంఖ్యతో సహా ఫలితాలను కేంద్రం ముందు బోర్డు మీద రాస్తే, ఆ పనికి గుడ్డ, నీరు, రోజుకు పది నిమిషాల శ్రద్ధ తప్ప ఖర్చేమీ ఉండదు. విద్యార్థులకు అదొక పాఠం అవుతుంది, రైతుకు విత్తకముందే హెచ్చరిక అందుతుంది.

మూడో విన్నపం మీకే. మీ తోటల శీర్షికలో ఏ నెలలో ఏ విత్తనం వేయాలో రాష్ట్రమంతటికీ కలిపి ఒకే పట్టిక ఇస్తున్నారు. మా ప్రాంతంలోనే అది అన్ని చోట్లకూ సరిపోదు. సముద్రమట్టానికి రెండు వేల అడుగుల ఎత్తు దాటిన మదనపల్లె, పలమనేరు, కుప్పం ప్రాంతాలకూ, కొండ దిగువన ఉన్న తిరుపతి, శ్రీకాళహస్తి ప్రాంతాలకూ ఒకే నెలలో వేడిలో చాలా తేడా ఉంటుంది. అక్కడ మార్చిలో హాయిగా మొలిచే టమాట ఇక్కడ అదే నెలాఖరుకు నీడ లేనిదే మొలవదు. నెల పేరుకు బదులు, లేదా దానితో పాటు, ఆ గింజకు ఎన్ని డిగ్రీల వేడి కావాలో, ఎన్ని రోజులకు మొలవాలో, ప్రమాణం ప్రకారం నూటికి ఎన్ని మొలవాలో మూడు అంకెలు ముద్రించండి. ఆ మూడు అంకెలు చేతిలో ఉన్న పాఠకుడు ఎప్పుడు ఎదురుచూడాలో, ఎప్పుడు తవ్వి చూడాలో, ఎప్పుడు బిల్లు తీసుకుని అంగడికి వెళ్లాలో తానే నిర్ణయించుకోగలడు. మీరు కోరితే మా నర్సరీలో వేసే పంటలకు సంబంధించి నేను రాసుకున్న వివరాలను సంతోషంగా పంపుతాను. వాటిని వ్యవసాయ కళాశాలవారికి చూపించి, సరిచూసిన తరువాతే అచ్చువేయవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
కూరగాయల నారు పెంచే ఒక పాఠకుడు,
చంద్రగిరి, తిరుపతి జిల్లా.